బాల్కనీలో డెండ్రోబియం ఆర్కిడ్ బతకాలంటే

నర్సరీ మేళాలో పూలతో ఉన్న డెండ్రోబియం కొనుక్కొచ్చి, రెండు నెలలు చూసుకుని మురిసిపోయి, పూలు రాలాక ఆకులు పసుపు తిరిగి ఒక్కో కాడా మెత్తబడి పోతుంటే "మన ఎండలకి ఆర్కిడ్లు ఎక్కడ బతుకుతాయిలే" అని కుండీతో సహా పక్కన పడేసిన వాళ్లు నాకు ఓ పదిమంది తెలుసు, అందులో నేనే మొదటిదాన్ని. ఎండ పాపం ఏం చెయ్యలేదు, నేనే చంపా. ఇప్పుడు హైదరాబాద్‌లో మూడో అంతస్తు తూర్పు బాల్కనీలో ఏడు కుండీలున్నాయి, బోరు నీళ్ల అపార్ట్‌మెంటే, ప్రత్యేకంగా గ్రీన్‌హౌస్ లాంటివేమీ లేవు. అందుకే నేను చేసిన తప్పులతో సహా రాస్తున్నా.

ముందు మీ దగ్గర ఉన్నది ఏ రకమో చూసుకోండి. మన నర్సరీల్లో దొరికేది నూటికి తొంభై పాళ్లు ఒకటే కుటుంబం, పెళ్లి స్టేజీ డెకరేషన్లో, బొకేల్లో కనిపించే ఊదా తెలుపు కలిసిన పువ్వు ఉంటుందే, దాన్ని సోనియా అంటారు, అదీ దాని చుట్టాలూ. వీటిని డెన్‌ఫాల్ అని పిలుస్తారు. థాయ్‌లాండ్ వాళ్లు ఈ పూలని ప్రపంచమంతా పంపిస్తారు, అక్కడి వాతావరణం అంటే వేడి, తేమ, కాబట్టి మన వేడికి ఇవి భయపడవు, భయపడేది మన పొడి గాలికి. రెండో రకం నోబైల్, కాడ పొడుగునా కణుపు కణుపుకీ పూలు పూస్తుంది, భలే ఉంటుంది కానీ దానికి చలికాలంలో బాగా చల్లటి రాత్రులు కావాలి, నీళ్లు కూడా దాదాపు ఆపెయ్యాలి. బెంగళూరులో ఉన్న మా ఫ్రెండ్ దగ్గర పూసింది, అదే మొక్క పిలక నా దగ్గర మూడేళ్లుగా ఆకులేసుకుని కూర్చుంది. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ వాళ్లు మొదటి మొక్కగా నోబైల్ జోలికి పోకండి.

డెండ్రోబియం అన్న పేరుకే గ్రీకులో చెట్టు మీద బతికేది అని అర్థం, 1799లో పెట్టిన పేరు. ఈ ఒక్క ముక్క నాకు ముందే బుర్రకెక్కి ఉంటే మొదటి మొక్క బతికేది. మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో మామిడి కొమ్మ మీద ఏది మొలిచినా బదనిక అనేవాళ్లు. అసలు బదనిక చెట్టు రసం పీల్చి బతుకుతుంది, ఆర్కిడ్ అలా కాదు, కొమ్మని గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది అంతే, వాన నీళ్లు, గాలిలో తేమ, బెరడు సందుల్లో పేరుకున్న ఆకు చెత్త, ఇదే దాని భోజనం. వాన పడితే వేళ్లు నిండా తడుస్తాయి, గంటా రెండు గంటల్లో గాలికి ఆరిపోతాయి. తడవాలి, ఆరాలి. మనం కుండీలో చెయ్యాల్సింది కూడా ఇదే.

నేనేం చేశానంటే, పాపం చిన్న కుండీలో ఇరుక్కుపోయింది కదా అని పదంగుళాల కుండీ తెచ్చి ఎర్రమట్టి, కోకోపీట్ అనే మెత్తటి కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్ట్ కలిపి గులాబీ మొక్కకి పెట్టినట్టు పెట్టా. దానికి తోడు మా అత్తగారు రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసేవారు, ప్రేమే, ఆవిడ చేతి కరివేపాకు చెట్టు అలాగే ఏపుగా పెరిగింది మరి. నెలన్నర తర్వాత కాడ పట్టుకుంటే మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది. వేరు పట్టుకుని లాగితే పై తొడుగు గోధుమరంగు జిగురులా ఊడొచ్చి లోపల సన్నటి దారం ఒక్కటే మిగిలింది. ఇది గుర్తు పెట్టుకోండి, ఎప్పుడైనా డౌటొస్తే వేరుని రెండు వేళ్ల మధ్య మెల్లగా నొక్కండి, గట్టిగా ఉంటే బతికుంది, నొక్కుకుపోయి తొడుగు ఊడొస్తే పోయినట్టే.

ఆ తొడుగు పేరు వెలమెన్. స్పాంజి లాంటిది. పొడిగా ఉన్నప్పుడు వేరు తెల్లగా వెండి రంగులో ఉంటుంది, మీద నీళ్లు చల్లి చూస్తూ ఉండండి, కళ్ల ముందే ఆకుపచ్చగా మారిపోతుంది. మా పిల్లలకి ఇదో మ్యాజిక్. నీళ్లు పొయ్యాలా వద్దా అనేది ఈ రంగే చెప్తుంది, తెల్లగా ఉంటే పొయ్యొచ్చు, ఇంకా పచ్చగా ఉంటే ఆగండి. కుండీ బయటికి వేలాడే వేళ్లుంటే కత్తిరించకండి, బలవంతంగా లోపలికి నొక్కకండి కూడా, అవి ఉండాల్సింది గాలిలోనే.

సరే కుండీలో ఏం వెయ్యాలి. బొగ్గు, ఇటుక ముక్కలు, కొబ్బరి పీచు ముక్కలు, ఈ మూడూ చాలు, మట్టి చిటికెడు కూడా వద్దు. బొగ్గు అంటే ఇస్త్రీ బండి దగ్గర దొరికే కట్టె బొగ్గు, కాలని బొగ్గు అడిగి తెచ్చుకోండి, బూడిద వద్దు, పొడిలా ఉన్నది జల్లించి పారెయ్యండి, నిమ్మకాయంత ముక్కలు అడుగున, ఉసిరికాయంత ముక్కలు పైన. ఇటుకని సుత్తితో కొట్టుకుని ఒక రాత్రి నానబెట్టి వాడండి. కొబ్బరి పీచు మాత్రం కొబ్బరిబోండాల బండి దగ్గర తెచ్చి అలాగే వేసెయ్యకండి, ఆ కాయ డొక్కల్ని ఎండబెట్టి అంగుళం ముక్కలు కోసి నీళ్లలో నానబెడితే మొదటి రోజు నీళ్లు టీ డికాషన్ రంగులో వస్తాయి, ఆ నీళ్లు పారబోసి మళ్లీ పోసి, మళ్లీ పారబోసి, ఒక మూడు నాలుగు రోజులకి రంగు తగ్గుతుంది, అప్పుడు వాడుకోవాలి, లేకపోతే ఆ వగరు, ఉప్పు వేళ్లకి పడవు. పాళ్ల సంగతికొస్తే ఊరిని బట్టి మారుతుంది. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రం పక్క ఊళ్లలో గాలిలోనే తేమ ఉంటుంది, అక్కడ పీచు ఎక్కువేస్తే కుళ్లుతుంది, ఒట్టి బొగ్గు ఇటుక సరిపోతుంది. హైదరాబాద్, కరీంనగర్, కర్నూలు వైపు ఏప్రిల్ గాలి పొడిగా కొడుతుంది, అక్కడ మూడో వంతు పీచు ఉంటే మనం ఆఫీసు నుంచి వచ్చేదాకా వేళ్లు తట్టుకుంటాయి. యూట్యూబ్ చూసి వాళ్ల పాళ్లే దించెయ్యకండి, ఆ వీడియో తీసింది కేరళలో అయ్యుండొచ్చు.

కుండీ చిన్నదే తీసుకోండి, నాలుగైదు అంగుళాలు, పక్కలకి కూడా చిల్లులున్న మట్టి కుండీ అయితే బెస్ట్, లేదంటే ప్లాస్టిక్ జాలీ కుండీ. మొక్క కాస్త ఇరుగ్గా ఉంటేనే దానికి సుఖం. కాడలు పుట్టే మొదలు పైకే ఉండాలి, బొగ్గుల్లో పాతెయ్యకూడదు, పాతితే కొత్త మొలక కుళ్లిపోతుంది. మరి నిలబడేదెట్లా అంటే ఒక కర్ర పుల్ల గుచ్చి మెత్తటి దారంతో కాడల్ని కట్టెయ్యండి, కదలకుండా. మొక్క ఊగుతుంటే కొత్త వేళ్ల కొసలు బొగ్గుకి రాసుకుని విరిగిపోతాయి, ఆకుపచ్చగా గుండుసూది తలంత ఉంటుంది ఆ కొస, అది విరిగితే ఆ వేరు అక్కడితో ఆగిపోయినట్టే, పక్క నుంచి కొమ్మ వేస్తే అదృష్టం.

వెలుతురు. హాల్లో టీవీ పక్కన పెట్టి పూలు రాలేదంటే రావు. డెండ్రోబియంకి వెలుతురు బాగా కావాలి, పొద్దున తొమ్మిది, తొమ్మిదిన్నర దాకా నేరుగా ఎండ పడి తర్వాత నీడ వచ్చే తూర్పు బాల్కనీ అయితే మీకు సగం పని తప్పినట్టే. దక్షిణం, పడమర అయితే 50 శాతం షేడ్‌నెట్, అంటే సగం ఎండని ఆపే వల, కట్టండి, మే నెలలో రెండు పొరలు వేసినా తప్పులేదు. సరిపోతోందో లేదో ఆకుని చూడండి, లేత ఆకుపచ్చ రంగుంటే కరెక్ట్, ముదురు ఆకుపచ్చగా నిగనిగలాడుతూ భలే ఆరోగ్యంగా ఉందే అనిపిస్తే వెలుతురు చాలట్లేదని అర్థం, అలాంటి మొక్క ఆకులేస్తుంది, పూలెయ్యదు. పసుపు, ఎరుపు తిరుగుతుంటే ఎక్కువైనట్టు. మధ్యాహ్నం రెండింటికి ఆకుని చేత్తో పట్టుకోండి, చెయ్యికి వేడిగా తగిలితే చోటు మార్చండి, ఆలస్యం చేస్తే తెల్లగా కాలి, తర్వాత గోధుమ రంగు మచ్చ పడుతుంది, అది మళ్లీ మానదు. నర్సరీ నీడలోంచి తెచ్చిన మొక్కని నేరుగా ఎండలో పెట్టొద్దు, రెండు మూడు వారాలు మెల్లగా జరుపుకుంటూ రండి.

నీళ్ల దగ్గరే అందరికీ గొడవ. వారానికి ఎన్నిసార్లు అని అడుగుతారు, దానికి జవాబు లేదు. కుండీ ఎత్తి చూడండి, నీళ్లు పోసిన వెంటనే ఎంత బరువుందో ఒకసారి చేతికి అలవాటైతే ఆ తర్వాత తేలిగ్గా అనిపించిన రోజు పోస్తే చాలు. నా బాల్కనీ లెక్క చెప్తా, అదే మీకు వర్తిస్తుందని కాదు. ఏప్రిల్, మేలో రోజూ పొద్దున ఏడింటికి, కుండీ కింద నుంచి ధారగా కారేదాకా. సాయంత్రం మొక్క మీద కాకుండా బాల్కనీ నేల మీద నీళ్లు చల్లుతా, కుండీల కింద ఒక ట్రేలో గులకరాళ్లు, నీళ్లు పోసి ఉంచుతా, కుండీ అడుగు ఆ నీళ్లకి తగలకూడదు. 42 డిగ్రీల ఎండలో మిట్టమధ్యాహ్నం నీళ్లు పొయ్యకండి, పైపులో నీళ్లే మరుగుతుంటాయి ఆ టైముకి. వానాకాలంలో గాలి తేమగా ఉంటే రెండు మూడు రోజులకోసారి, ముసురు పట్టి వారం రోజులు వదలకపోతే కుండీల్ని సజ్జ కిందకి లాగెయ్యాలి. చలికాలంలో నాలుగు రోజులకోసారి, అదీ ఎండొచ్చాకే. ఏ కాలమైనా రాత్రిపూట వద్దు, కొత్త మొలక ఆకులు దొప్పలా ఉంటాయి కదా, అందులో నీళ్లు నిలిచి తెల్లారేసరికి మొలక నల్లబడి మెత్తగా అయిపోతుంది, పట్టుకుంటే ఊడొస్తుంది, అదో కుళ్లు వాసన.

ఇక నీళ్ల నాణ్యత. మా బోరు నీళ్లు టీడీఎస్ మీటర్ (నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచేది) పెట్టి చూస్తే 900 దాటింది. మొదట్లో ఆ నీళ్లే పోశా, ఆరు నెలలకి బొగ్గుల మీద, వేళ్ల మీద తెల్లగా ఉప్పు పేరుకుంది, ఆకుల కొసలు మాడాయి, కొత్త వేళ్లు అర అంగుళం పెరిగి ఆగిపోయేవి. రోగమనుకుని మందులు కొట్టా, దండగ. ఇప్పుడు ఏసీ నుంచి కారే నీళ్లు బకెట్‌లో పడతాను, ఎండాకాలం రోజుకి బకెట్ వస్తాయి, ఉప్పు దాదాపు ఉండదు. వానొస్తే డ్రమ్ము నింపుకుంటా. అవి లేనప్పుడు ఫిల్టర్ నీళ్లలో సగం బోరు నీళ్లు. ఒక్కటి మాత్రం జాగ్రత్త, ఆర్వో ఫిల్టర్ నుంచి పక్క పైపులో వేస్ట్‌గా పోయే నీళ్లు మొక్కలకి మంచిదని పట్టి పోసేవాళ్లున్నారు, వద్దు, ఫిల్టర్ వేరు చేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. మునిసిపాలిటీ నీళ్లొచ్చే వాళ్లకి ఈ బాధ తక్కువ, ఒక రాత్రి బకెట్‌లో ఉంచి వాడుకుంటే సరి.

ఎరువు విషయంలో మనవాళ్ల ఉత్సాహం ఆపలేం. పేడ, వర్మీకంపోస్ట్, టీ పొడి, అరటి తొక్కల నీళ్లు, పాలు, ఇవేవీ వద్దు, బొగ్గుల సందుల్లో చేరి కుళ్లి పురుగుని పిలుస్తాయి. ఎరువుల షాపులో నీళ్లలో కరిగే 19:19:19, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమంగా ఉన్న పొడి, కిలో ప్యాకెట్ దొరుకుతుంది, నాలాంటి వాళ్లకి రెండేళ్లొస్తుంది. లీటరుకి అర గ్రాము నుంచి ఒక గ్రాము, అంటే ఒక టీస్పూన్ పొడిని ఐదు నుంచి పది లీటర్లకి, వారానికోసారి. ముందు మామూలు నీళ్లతో వేళ్లు తడిపి, పదిహేను నిమిషాలాగి తర్వాత ఎరువు నీళ్లు. పొడి వేళ్ల మీద నేరుగా పోస్తే మాడతాయి. కొత్త కాడ పెరుగుతున్నంత కాలం ఇలా, చలికాలంలో నెలకోసారి చాలు. కాల్షియం నైట్రేట్ కూడా నెలకోసారి ఇస్తాను కానీ విడిగా, 19:19:19తో ఒకే బకెట్‌లో కలిపితే తెల్లగా విరిగిపోయినట్టయి అడుక్కి దిగుతుంది, ఇంక మొక్కకేం అందదు. నెలకో రోజు ఎరువు లేని మంచి నీళ్లు ధారాళంగా పోసి కుండీని కడిగెయ్యండి.

పూలు అయిపోయాక చాలామంది చేసే ఘోరం ఏంటంటే, ఆకులు రాలిన ముసలి కాడల్ని ఎండిపోయాయనుకుని కోసి పారెయ్యడం. అవి మొక్క దాచుకున్న నీళ్లూ, తిండీ. గట్టిగా ఉన్నంతకాలం, కాస్త ముడతలు పడ్డా సరే, వదిలెయ్యండి. పూలు రాలిన గెల మాత్రం కొయ్యండి, ఆ ముసలి కాడ కొసల్లోంచే మళ్లీ గెల రావచ్చు, నా దగ్గర ఆకు ఒక్కటి కూడా లేని కాడ రెండుసార్లు పూసింది. మొదట్లోంచి కొత్త మొలక వచ్చి, అది ముందు కాడ కంటే ఎత్తుగా, లావుగా పెరిగితే మీరు చేస్తున్నది కరెక్ట్, ఏటికేడాది పొట్టిగా అవుతుంటే వెలుతురో, వేళ్లో చూసుకోండి. కొన్నిసార్లు కాడ మీదే చిన్న పిల్ల మొక్క పుడుతుంది, దాన్ని కేకీ అంటారు, హవాయి భాషలో చంటిపిల్ల అని. దానికి రెండు మూడు అంగుళాల వేళ్లు మూడైనా వచ్చేదాకా తల్లి మీదే ఉంచి, తర్వాత మెల్లగా తిప్పి తీసి చిన్న కుండీలో పెట్టుకోండి. అలా తీసిన ఒకటి మా అత్తగారి గది కిటికీలో ఉంది, దానికి ఆవిడ ఏసీ నీళ్లే పోస్తున్నారు, నేను చెప్పినందుకు కాదు, వేరు రంగు మారడం చూశాక. అయితే మొక్క మొత్తం కేకీలే వేసి పూలెయ్యట్లేదంటే మురిసిపోవద్దు, చాలాసార్లు కింద వేళ్లు పోయాయనే దాని అర్థం.

మొగ్గలు రాలడం గురించి ఒకటి చెప్పాలి. మూడేళ్ల కింద మే నెలలో రెండు గెలలు, ఇరవై మొగ్గల దాకా వచ్చాయి, చుట్టాలొస్తున్నారని కుండీ లోపల గదిలో పెట్టా. అదే గదిలో ఊరి నుంచి వచ్చిన బంగినపల్లి కాయలు గడ్డిలో మగ్గేశాం. మూడో రోజుకి మొగ్గలు ఒక్కోటి పసుపు తిరిగి ముట్టుకుంటే రాలిపోవడం మొదలెట్టాయి, పురుగు లేదు, నీళ్లు బాగానే ఉన్నాయి, ఏంటో అర్థం కాలేదు. పండ్లు మగ్గేటప్పుడు ఇథిలీన్ అనే గ్యాస్ వస్తుంది, అది ఆర్కిడ్ మొగ్గకి విషంతో సమానం అని తర్వాత తెలిసింది. మామిడి, అరటి, సపోటా ఉన్న గదిలో మొగ్గలతో ఉన్న కుండీ పెట్టకండి. ఏసీ గాలి ఎదురుగా, పొయ్యి పక్కన కూడా అంతే. మొగ్గలొచ్చాక చోటు మార్చకుండా ఉంటే ఇంకా మంచిది.

పురుగుల్లో ఎక్కువ వేధించేది పిండినల్లి, ఆకు తొడిమ కాడకి అతుక్కునే చోట దూది ముక్కలా దాక్కుంటుంది. చీమలు కాడ మీద పైకీ కిందకీ తిరుగుతుంటే వెతకండి, ఎక్కడో ఉంటుంది. దూదిని మందుల షాపులో దొరికే స్పిరిట్‌లో ముంచి తుడిచెయ్యండి, వారానికోసారి మూడు వారాలు, ఒక్కసారితో పోదు. ఎక్కువైతే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల షాంపూ కలిపి సాయంత్రం కొట్టండి, ఎండలో కొడితే ఆకు కాలుతుంది. మొగ్గలు వంకరపోయి పూల అంచులు గీతలు పడితే తామర పురుగు. వానాకాలం నత్తలొస్తాయి, లేత వేళ్ల కొసలంటే వాటికి పండగ, రాత్రి తొమ్మిదికి టార్చ్ పట్టుకుని ఏరడం కంటే మంచి మందు నాకు దొరకలేదు. కాడ కుళ్లుతుంటే ఆరోగ్యంగా ఉన్న భాగం కనిపించేదాకా కోసి, కోసిన చోట దాల్చిన చెక్క పొడి అద్దండి, వేళ్ల మీద మాత్రం పడనివ్వద్దు, ఎండబెట్టేస్తుంది. ఒక మొక్క కోసిన బ్లేడు ఇంకో మొక్కకి వాడే ముందు గ్యాస్ మంట మీద కాల్చండి, ఆర్కిడ్లకి వైరస్‌లు ఇలాగే అంటుకుంటాయి, వాటికి మందు లేదు.

రెండేళ్లకోసారి, పీచు మెత్తబడి నల్లగా అయినప్పుడు కుండీ మార్చాలి. పూలున్నప్పుడు వద్దు, కొత్త మొలక మొదట్లో పచ్చటి వేళ్లు అప్పుడే పొడుచుకొస్తున్న సమయం చూసుకోండి, మా దగ్గర అది ఎక్కువగా వానలు మొదలయ్యే జూన్‌లో. మొక్కని గంట నానబెడితే వేళ్లు కుండీ గోడల్ని తేలిగ్గా వదుల్తాయి. చచ్చిన వేళ్లు తీసెయ్యండి, విడదీయాలనుకుంటే ఒక్కో భాగానికి కనీసం మూడు కాడలు ఉంచండి, ఒక్కో కాడ విడదీస్తే కోలుకోడానికి రెండేళ్లు పడుతుంది. మార్చాక వారం పదిరోజులు నీడలో పెట్టి ఎరువు ఇవ్వకుండా, పైపైన నీళ్లు చిలకరిస్తే చాలు.

ఈసారి కొనేటప్పుడు పూల వైపు చూడకుండా కుండీ తిప్పి కింద చూడండి. తెల్లటి గట్టి వేళ్లు కనిపించాలి, మొదట్లో కొత్త మొలక ఒకటైనా ఉండాలి, గెలలో సగం మొగ్గలుంటే ఇంటికొచ్చాక ఇంకా నెలన్నర చూసుకోవచ్చు. కడియం నుంచో ఇంకెక్కడి నుంచో వచ్చినా కొన్నిసార్లు అడుగున తడి కోకోపీట్ ముద్ద ఉంటుంది, వేలు పెట్టి చూస్తే తెలుస్తుంది, అలాంటిది తప్పనిసరై కొంటే పూలయ్యాక వెంటనే బొగ్గులోకి మార్చండి. ఆన్‌లైన్లో తెప్పిస్తే వేళ్లు ఒట్టిగా చుట్టి పంపుతారు, అరగంట నీళ్లలో ఉంచి, నీడలో ఒక పూట ఆరబెట్టి అప్పుడు కుండీలో కట్టండి, ఏప్రిల్, మేలో మాత్రం తెప్పించుకోకండి, నాలుగు రోజులు డబ్బాలో ఉడికి వస్తాయి. అరకు, పాడేరు అడవుల్లో చెట్ల మీద కనిపించిన వాటిని పీక్కొచ్చి అమ్మేవాళ్ల దగ్గర అసలు కొనొద్దు. ఆ కొమ్మ మీద బతికింది మన బాల్కనీలో ఎలాగూ బతకదు, పైగా అక్కడ ఆ జాతే తగ్గిపోతుంది.